ఆవు అండాన్ని విట్రిఫికేషన్ చేయడం: ఎక్కడ పాడవుతుంది, ఎలా కాపాడాలి

వీర్యం నిల్వ చేయడంలో చేయి తిరిగినవాళ్లకు కూడా అండం అంత సులువుగా లొంగదు. ఆవు అండం వ్యాసం సుమారు 120 మైక్రాన్లు. అంత పెద్ద కణంలోంచి నీరు త్వరగా బయటికి రాదు, లోపల మిగిలిన నీరు మంచు పలుకులైతే పొరలు చిరిగిపోతాయి. అందుకే నెమ్మదిగా చల్లబరచడం కన్నా, మంచు కట్టే వ్యవధే ఇవ్వకుండా గాజులా బిగిసేలా చేసే విట్రిఫికేషనే మా సలహా.

అండాలను 38.5 డిగ్రీల దగ్గర 22 గంటలు పక్వం చేసి, చుట్టూ అంటుకుని ఉండే క్యుములస్ అనే సహాయక కణాలను చాలావరకు తీసేయండి. ద్రావణాలకు ఆధారంగా, ఆమ్లత మారకుండా చూసే హెపీస్ కలిపిన టీసీఎం-199 (కణాలను పెంచే పోషక ద్రావణం), 20 శాతం సీరం వాడొచ్చు. గది 25-27 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి పెరిగితే, మంచు కట్టకుండా కాపాడే రసాయనాల (ఇథిలీన్ గ్లైకాల్, డీఎంఎస్‌ఓ) విషప్రభావమూ పెరుగుతుంది.

మొదటి ద్రావణం 7.5 శాతం ఇథిలీన్ గ్లైకాల్, 7.5 శాతం డీఎంఎస్‌ఓ. అందులో పడగానే అండం ముడుచుకుంటుంది, తర్వాత మెల్లగా మళ్లీ గుండ్రబడుతుంది. గడియారం కన్నా ఈ గుండ్రబడటాన్నే నమ్మండి, మామూలుగా 10-15 నిమిషాలు పడుతుంది. రెండో ద్రావణంలో అవే రెండూ చెరి 15 శాతం, సుక్రోజ్ 0.5 మోలార్. ఇక్కడ అండాలు పైకి తేలిపోతాయి, మైక్రోస్కోపు ఫోకస్ కూడా వాటి వెంట పైకి జరపాలి. రెండో ద్రావణంలో వేసినప్పటి నుంచి, క్రయోటాప్ (అండాలను మోసే సన్నని ప్లాస్టిక్ పట్టీ) మీదికి ఎక్కించి, చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చేసి, ద్రవ నత్రజనిలో ముంచేదాకా మొత్తం ఒక్క నిమిషం దాటకూడదు. పట్టీ మీద మిగిలే ద్రవం 0.1 మైక్రోలీటరు మించకూడదు. బొట్టు లావైతే చల్లబడే వేగం పడిపోతుంది. మూత కూడా నత్రజని లోపలే పెట్టాలి.

చాలామంది ఇక్కడితో ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి వెచ్చబరచడంలోనే ఎక్కువ అండాలు పోతాయి. నెమ్మదిగా వెచ్చబడితే గాజులా ఉన్నది దారిలోనే మంచుగా మారుతుంది. 37 డిగ్రీల దగ్గర ఉంచిన 1 మోలార్ సుక్రోజ్ ద్రావణం కనీసం 1 మిల్లీలీటరు తీసుకుని, పట్టీని గాలిలో ఆపకుండా నేరుగా అందులో ముంచండి. ఒక నిమిషం తర్వాత 0.5 మోలార్‌లో 3 నిమిషాలు, ఆపై సుక్రోజ్ లేని ద్రావణంలో 5 నిమిషాల చొప్పున రెండుసార్లు. ఈ మెట్లు వదిలేస్తే నీరు ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చి అండం పగిలిపోతుంది.

చలికి క్రోమోజోములను పట్టి ఉంచే స్పిండిల్ విడిపోతుంది. అది మళ్లీ కట్టుకోవడానికి 2 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచాకే ఫలదీకరణ చేయండి. ఇంకో చిక్కు, రసాయనాల వల్ల అండంలో కాల్షియం పెరిగి జోనా (అండం చుట్టూ ఉండే బయటి పొర) ముందే గట్టిపడుతుంది, శుక్రకణం దూరలేదు. కాల్షియం లేని ఆధార ద్రావణం దీన్ని తగ్గిస్తుంది. పంది అండాల్లో కొవ్వు మరీ ఎక్కువ, చలికి ఇంకా సున్నితం. ఈ కొలతలనే వాటికి వాడేయకండి.

పొర చెక్కుచెదరకుండా ఉంటే చాలనుకోవద్దు, ఫలదీకరణ తర్వాత ఏడెనిమిది రోజులకు బ్లాస్టోసిస్టులు (ఆ దశకు ఎదిగిన తొలి పిండాలు) లెక్కపెట్టాలి. ప్రతిసారీ తాజా అండాలను ఒక గుంపుగా, ద్రావణాలన్నీ దాటించి నత్రజనిలో ముంచనివి మరో గుంపుగా పెట్టుకోండి. ఈ రెండో గుంపే దెబ్బతింటే తప్పు ద్రావణాల్లోనో, సమయంలోనో ఉంది. ముంచినవి మాత్రమే పోతుంటే బొట్టు పరిమాణం, వెచ్చబరిచే వేగం సరిచూడండి.