ఊరి లైబ్రరీకి పుస్తకాలు కొనడం, అంతకంటే కష్టమైన తీసేయడం

మీ ఊళ్లో శాఖా గ్రంథాలయమో, కుర్రాళ్లు చందాలేసుకుని పెట్టిన చిన్న లైబ్రరీయో ఉండి, పుస్తకాలు ఎంచే పని మీ నెత్తిన పడిందనుకోండి. చేతిలో ఓ ఇరవై వేలున్నాయి. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి నాకు నచ్చినవన్నీ కొనుక్కొచ్చేశాను. మంచి పుస్తకాలే. రెండేళ్ల తర్వాత వాటి డేట్ స్లిప్పులు (పుస్తకం ఇంటికిచ్చినప్పుడల్లా తేదీ ముద్ర వేసే చీటీలు) చూస్తే సగానికి పైగా పుస్తకాల మీద ఒక్క ముద్ర లేదు, ముద్ర పడినవాటిలో కూడా చాలావరకు ఇంటికి తీసుకెళ్లింది నేనే.

కాబట్టి కొనే ముందు ఒక నెల ఆగండి. కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, ఎవరైనా వచ్చి ఫలానా పుస్తకం ఉందా అని అడిగితే మీరు "లేదండీ" అన్న ప్రతిసారీ అందులో ఒక లైను రాయండి. సలహాల పెట్టె మాత్రం వద్దు, దాంట్లో ఎవరూ ఏమీ వెయ్యరు, వేస్తే ఫ్యాను తిరగట్లేదని వేస్తారు. మా 'లేదండీ పుస్తకం' మొదటి నెలలో డీఎస్సీ, గ్రూప్-2 వాళ్లతో నిండిపోతుందని ముందే అనుకున్నాం, అలాగే జరిగింది. అనుకోనివి వేరే ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లు ఏం తినొచ్చో తెలుగులో ఉన్న పుస్తకం కావాలని ఒకావిడ అడిగింది. మిరపలో తెగుళ్ల గురించి ఒక కౌలు రైతు అడిగాడు. "దెయ్యాల కథలున్నాయా సార్" అని ఆరో తరగతి పిల్లలు గుంపుగా వచ్చి అడిగారు. కమిటీలో ఏడుగురం ఉన్నాం, దెయ్యాల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ప్రభుత్వ శాఖా గ్రంథాలయమైతే కొనేది మీరు కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థ. ఆ డబ్బు మన ఇంటిపన్నులోంచే పోతుంది, రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. 1960 నాటి చట్టంతో వచ్చిన ఏర్పాటు అది. కోల్‌కతాలో 1972లో పెట్టిన రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ కూడా రాష్ట్రాల ద్వారా పుస్తకాలకు సాయం చేస్తుంది. అయినా మీ 'లేదండీ' జాబితా వృథా పోదు. లైబ్రేరియన్ గారి చేత దాన్ని పై ఆఫీసుకి రాయించి పంపండి, ఒకసారి కాదు, ఏటా పంపండి.

ఇక సొంతంగా కొనేటప్పుడు ఇరవై వేలూ ఒకేసారి ఖర్చు పెట్టకండి, రెండు వేలు పక్కన పెట్టుకోండి, ఏడాది మధ్యలో అవసరం పడుతుంది. నేనైతే పిల్లలకు ఆరు వేలు, నవలలూ కథలకు ఐదు వేలు, పోటీ పరీక్షలకు నాలుగు వేలు ఇస్తాను, మిగిలినదాంతో వ్యవసాయం, ఆరోగ్యం, చట్టాలు కొంటాను. పోటీ పరీక్షలకు ఇంకా పెట్టమని బాగా ఒత్తిడి వస్తుంది, ఎందుకంటే పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునేది వాళ్లే. కానీ ఆ పుస్తకాలు పాలప్యాకెట్ల లాంటివి, ఏడాదికే పాతబడతాయి. తెలుగు అకాడమీ పుస్తకాల్లాంటివి కొత్త ఎడిషన్ చూసి ఒక్కో కాపీ కొని, ఇంటికివ్వకుండా అక్కడే చదువుకునేలా ఉంచితే సరిపోతుంది. పిల్లలవి చిరుగుతాయి, చిరగనివ్వండి. చిరగకుండా ఉన్న పిల్లల పుస్తకాన్ని చూస్తేనే నాకు అనుమానం. డిటెక్టివ్ నవలలు మన స్థాయికి తగవు అనే పెద్దమనుషులు ప్రతి కమిటీలో ఒకరుంటారు, ఆయన మాట గౌరవంగా విని, నాలుగు డిటెక్టివ్ నవలలు కొనండి.

షాపులో పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరిచి చూడండి. జిగురుతో అతికించిన బైండింగ్ అయితే పటపటమంటుంది, పది చేతులు మారేసరికి పేజీలు చేతికొస్తాయి. కుట్టు బైండింగ్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. లైబ్రరీకి అని చెప్పి ధరలో కమిషన్ తగ్గించమని అడగండి, మొహమాటపడితే నష్టం లైబ్రరీకే.

ఇప్పుడు అసలు చిక్కు, విరాళాలు. ఎవరింట్లోనో పెద్దాయన పోతారు, పెద్దకర్మ అయ్యాక అమెరికా నుంచి వచ్చిన కొడుకు ఫోన్ చేస్తాడు, "నాన్నగారి పుస్తకాలు ఆరు అట్టపెట్టెలున్నాయండీ, ఆయన పేరు మీద ఒక బీరువా పెట్టండి". కాదనలేం. అలాగని ఒప్పుకుంటే 1987 నాటి ఇన్‌కమ్ టాక్స్ గైడ్లు, పట్టు చీరల షాపు డైరీలు, చెదపట్టిన గైడ్లు మన నెత్తిన పడతాయి, ఆ బీరువాకి తాళం పడుతుంది, ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో మూడేళ్లకి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఒక పేజీ రూల్సు ముందే రాసి గోడకి అంటించండి: తీసుకున్న పుస్తకాల్లో ఏవి ఉంచాలో లైబ్రరీ ఇష్టం, మిగిలినవి ఇంకొకరికి ఇచ్చేస్తాం, పేరు పుస్తకం లోపల రాస్తాం, విడిగా బీరువా ఉండదు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేనిది గోడ చెబుతుంది. "ఆ పుస్తకం ఎందుకు పెట్టారు, తీసేయండి" అని గొడవకి వచ్చేవాళ్లకీ ఆ పేజీలోనే ఒక లైను ఉండాలి: అభ్యంతరం ఏంటో రాసివ్వండి, కమిటీ చదివి చెబుతుంది. రాసివ్వమంటే చాలామంది వెనక్కి వెళ్లిపోతారు.

అయితే ఆ అట్టపెట్టెల్ని చూడకుండా మాత్రం వద్దనకండి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టిన 'భారతి' సాహిత్య పత్రిక పాత సంచికలు అలాంటి పెట్టెల అడుగునే దొరుకుతాయి. మీకు పనికిరాకపోయినా హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి పాత పుస్తకాలు కాపాడే చోటుకి ఫోన్ చేయండి.

పుస్తకం లోపలికి వచ్చిన రోజే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కాలి. నంబరు, తేదీ, రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, ధర, బిల్లు నంబరు, చివర రిమార్కులు. ఆ నంబరు ఒకసారి ఇస్తే మళ్లీ ఇంకో పుస్తకానికి ఇవ్వకూడదు, ఆ పుస్తకం పోయినా సరే. టైటిల్ పేజీ వెనక స్టాంపు వేసి, ఇంకోటి లోపల మీరు అనుకున్న ఒక పేజీలో, అన్ని పుస్తకాల్లోనూ అదే నంబరు పేజీలో వేయండి. టైటిల్ పేజీ చింపి అమ్ముకునేవాడికి ఆ పేజీ సంగతి తెలీదు. కంప్యూటర్ ఉంటే, లైబ్రరీ లెక్కలు చూసే కోహా సాఫ్ట్‌వేర్ ఉచితమే, ప్రభుత్వ లైబ్రరీలకి కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ ఉంది. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేది మాత్రం చేత్తో రాసిన రిజిస్టరే.

విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో వేస్తే తెలుగు నవలలన్నీ 894.8273 కిందకే వస్తాయి, ర్యాకు ర్యాకంతా ఒకే నంబరు. అందుకని నవలల్ని రచయిత పేరుతో అక్షరక్రమంలో పెట్టడమే సుఖం. ఇంటిపేరుతోనా, కలంపేరుతోనా? శ్రీరంగం శ్రీనివాసరావు కావాలని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు, శ్రీశ్రీ అనే అడుగుతారు. జనం ఏ పేరుతో అడుగుతారో ఆ పేరే. ర్యాకులో ప్రతి అరనీ మూడొంతులు నింపి నాలుగో వంతు ఖాళీ వదలండి, కొత్తవి వస్తాయి కదా.

ఏడాదికోసారి రిజిస్టర్ పెట్టుకుని లెక్క చూడాలి. కొన్ని పోతాయి, టెన్షన్ పడకండి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోనే (2017 నాటివి) ఏడాదిలో ఇష్యూ అయిన లేదా అక్కడే చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోవడం సహజమే అని ఉంది, అజాగ్రత్తో మోసమో లేకపోతే. వెయ్యి రూపాయల కంటే ఖరీదైనదో అరుదైనదో పోతే మాత్రం విచారించాల్సిందే. 20 వేల లోపు పుస్తకాలున్న లైబ్రరీ ప్రతి ఏడాదీ మొత్తం లెక్కపెట్టాలి. మనకి చట్టం ప్రకారం వర్తించినా వర్తించకపోయినా కొలతగా పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఇక తీసేయడం. సరస్వతిని బయట పడేస్తారా అంటారు, దానికి సిద్ధపడండి. 1954 చట్టం కింద ప్రచురణకర్తలు ప్రతి పుస్తకం కాపీని కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా లాంటి నాలుగు లైబ్రరీలకు పంపాలి, దాచే పని వాళ్లది. మన పని వాడుకలో ఉంచడం. ముందుగా పోవాల్సినవి తప్పుడు సమాచారం ఇచ్చేవి: 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్ మ్యాపుతో పోటీ పరీక్షలకి చదివేవాడు ఏమైపోవాలి? 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, పాత సెక్షన్ల పుస్తకం ఇంకా ర్యాకులో ఉంటే అది పాఠకుణ్ణి మోసం చేయడమే. తర్వాత చెదలు పట్టినవి, అవి పక్కవాటికీ అంటిస్తాయి కాబట్టి ఆ రోజే బయటికి. ఆ తర్వాతే ఐదేళ్లుగా ఎవరూ ముట్టుకోనివి. ఇక్కడ డేట్ స్లిప్పుని గుడ్డిగా నమ్మకండి, చాలామంది ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడే చదివి వెళ్లిపోతారు. సాయంత్రం బల్లల మీద మిగిలిన పుస్తకాల్ని సర్దే ముందు స్లిప్పు మీద పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టండి, ఏడాదికి ఆ చుక్కలు మీకు చాలా చెబుతాయి. మీ ఊరి గురించి, జిల్లా గురించి ఉన్నవి, ఊరివాళ్లు రాసుకున్నవి, గుడి సావనీర్లతో సహా, ఎవరూ చదవకపోయినా తీయొద్దు. అవి ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

తీసినవాటి జాబితా కమిటీ చేత సంతకం చేయించి, రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో గీత కొట్టి, తేదీ వేసి, పుస్తకం మీద 'తొలగించినది' అని స్టాంపు వేయండి. మేము మొదటిసారి ఆ స్టాంపు వెయ్యకుండానే పాత పేపర్ల షాపులో తూకానికి వేసేశాం. రెండు వారాల తర్వాత ఒక రిటైర్డ్ మాస్టారు మిరపకాయ బజ్జీల పొట్లం విప్పి తెచ్చి, నూనె మరకల మధ్య మా లైబ్రరీ ముద్ర చూపించి, ఎంతకి అమ్ముకున్నారని అందరి ముందూ అడిగారు. కిలో లెక్కన బిల్లు ఉంది, చూపించాం. ఇప్పుడు షాపుకి పంపే ముందు ముద్ర ఉన్న పేజీలు రెండూ మేమే చింపేస్తున్నాం.