వేల్స్ అడవుల్లో ఆదిమ సమాధి దిబ్బలు: వెతికి చూసి రావడం ఎలా?

వేల్స్ వెళ్ళిన మనవాళ్ళు స్నోడన్ కొండ ఎక్కుతారు, కార్డిఫ్ కోట ముందు ఫొటోలు దిగుతారు, వచ్చేస్తారు. అదే దేశంలో చెట్ల నీడన మూడున్నర వేల నుంచి ఆరు వేల ఏళ్ళ నాటి సమాధులు ఎన్నో ఉన్నాయి. చాలావాటికి టికెట్ లేదు, కాపలా లేదు. బోర్డు కూడా లేనివే ఎక్కువ. చిక్కంతా అక్కడే. బోడి కొండ మీద రాళ్ళు మైలు దూరం నుంచి కనబడతాయి. అడవిలో దిబ్బ అలా కాదు, దాని మీదే నిలబడి "ఇంతకీ ఎక్కడుందది?" అని చుట్టూ చూసేవాళ్ళుంటారు. కాబట్టి సగం పని ఇంట్లోనే, మ్యాపు ముందు కూర్చుని చేసుకోవాలి.

ములుగు జిల్లా తాడ్వాయి దగ్గర దామెరవాయి అడవిలో రాకాసి గుళ్ళు చూసినవాళ్ళకి ఈ వెతుకులాట కొత్తేమీ కాదు. నిలువు బండలు, వాటి మీద కప్పుగా పెద్ద బండ, చుట్టూ చెట్లు. మనవి ఎక్కువగా ఇనుప యుగానివని పురావస్తు శాస్త్రవేత్తల లెక్క. వేల్స్‌వి అంతకంటే చాలా పాతవి.

1. ఏం చూడబోతున్నారో తేల్చుకోండి

ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది నవీన శిలాయుగపు రాతి గదుల సమాధి, అంటే క్రీ.పూ. 4000 తర్వాతి కాలానిది. ఒకే సమాధిలో తరతరాలుగా పదుల మందిని పెట్టేవారు. దీనికి బండరాళ్ళుంటాయి కాబట్టి దగ్గరికి వెళితే గుర్తుపట్టడం తేలిక. రెండోది కాంస్య యుగపు గుండ్రటి దిబ్బ, సుమారు క్రీ.పూ. 2200 నుంచి 1500 మధ్యది. మట్టితోనో రాళ్ళ కుప్పతోనో కట్టినది. చాలాసార్లు లోపల కాల్చిన ఎముకలు నింపిన కుండ ఉండేది. పైకి మాత్రం బోర్లించిన మూకుడులా ఉంటుంది, అంతే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు రాతి గదులతో మొదలుపెట్టడం మంచిది. మట్టి దిబ్బకి కళ్ళు అలవాటుపడాలి.

తేలిక నుంచి కష్టానికి మూడు చోట్లు చెబుతాను. గోవర్ ద్వీపకల్పంలో, పార్క్‌మిల్ ఊరి దగ్గర అడవి లోయలో ఉన్న పార్క్ లె బ్రియోస్ కుమ్ అన్నింటికంటే సులువు. కార్మార్థెన్‌షైర్‌లో తాఫ్ నదికి పైన చెట్ల మధ్య దాగిన గ్వాల్ ఇ ఫిలియాస్ట్ మధ్యరకం. అక్కడికి లాంగ్లిడ్‌వెన్ ఊరి వైపు నుంచి నడవాలి. మూడోది న్యూపోర్ట్, చెప్‌స్టో ఊళ్ళ మధ్య ఉన్న వెంట్‌వుడ్. వేల్స్‌లో మిగిలిన పెద్ద ప్రాచీన అడవుల్లో ఒకటి. అందులో కాంస్య యుగపు దిబ్బలున్నాయి, కానీ వాటిని చెట్ల మధ్య పట్టుకోవడానికి ఓపిక కావాలి. అవి దొరక్కపోయినా పక్కనున్న గ్రే హిల్ మీది రాతి వలయం చూడొచ్చు కాబట్టి ఆ ప్రయాణం వృథా పోదు.

2. మ్యాపుతో మొదలుపెట్టండి

గూగుల్ మ్యాప్స్ ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 స్కేలు ఎక్స్‌ప్లోరర్ మ్యాపు కొనండి, లేదా వాళ్ళ యాప్ పెట్టుకోండి. గోవర్‌కి ఎక్స్‌ప్లోరర్ 164. అందులో పురాతన కట్టడాల పేర్లు పాతకాలపు గోథిక్ అక్షరాల్లో అచ్చు వేస్తారు. ట్యూములస్ అని ఉంటే గుండ్రటి దిబ్బ, బరియల్ చేంబర్ అని ఉంటే రాతి గది. వెల్ష్ పేర్లూ దారి చూపిస్తాయి. కార్న్ అంటే రాతి కుప్ప, క్రుగ్ అంటే దిబ్బ, బేద్ అంటే సమాధి. పేరొక్కటే నమ్ముకోకండి. క్రుగ్ అన్నది మామూలు గుట్టకీ పెడతారు. టోమెన్ అని కనబడితే అది మధ్యయుగపు కోట దిబ్బ అయ్యే అవకాశమే ఎక్కువ.

తర్వాత కోఫ్లైన్ వెబ్‌సైట్ తెరవండి. వేల్స్ రాయల్ కమిషన్ నడిపే కట్టడాల జాబితా అది, ఉచితం. ఆర్ఖ్‌విలియో (Archwilio) అని ఇంకొకటుంది. ప్రాంతాలవారీ పురావస్తు రికార్డులన్నీ అందులో దొరుకుతాయి. రెండింట్లోనూ ఆ దిబ్బ కొలతలు, ఎవరు ఎప్పుడు తవ్వారు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్నది చూసి, గ్రిడ్ రిఫరెన్స్, అంటే మ్యాపులో ఆ చోటు చెప్పే నంబరు, రాసుకోండి. పార్క్ లె బ్రియోస్‌ది ఎస్ఎస్ 537 898. ఆరంకెల నంబరు వంద మీటర్ల గడిని మాత్రమే చూపిస్తుంది. దట్టమైన అడవిలో వంద మీటర్లంటే చాలా ఎక్కువ. అందుకని ఎనిమిదంకెలది దొరికితే అదే తీసుకోండి.

నాకు అన్నింటికంటే ఇష్టమైన పనిముట్టు లైడార్ మ్యాపు. విమానం నుంచి లేజర్‌తో నేలని కొలిచి, చెట్లని లెక్కలోంచి తీసేసి, అడవి కింద నేల ఎలా ఉందో చూపిస్తుంది. వేల్స్ ప్రభుత్వపు డేటామ్యాప్‌వేల్స్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. నేల మీద మీకు పొదలు తప్ప ఇంకేమీ కనబడనిచోట తెరమీద గుండ్రటి మచ్చ స్పష్టంగా తేలుతుంది. ఆ తెరని ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు.

దారి సంగతీ మ్యాపులోనే తేలాలి. దిబ్బ మ్యాపులో ఉన్నంత మాత్రాన అక్కడికి వెళ్ళే హక్కు మనకి ఉన్నట్టు కాదు. ఎక్స్‌ప్లోరర్‌లో ఆకుపచ్చ గీతల దారులు అందరివీ. నేల మీద పసుపు బాణం కాలిబాటకి, నీలం బాణం గుర్రాలు కూడా వెళ్ళే బాటకి గుర్తు. లేత రంగు పూసి చూపించే యాక్సెస్ ల్యాండ్‌లో 2000 నాటి చట్టం ప్రకారం కాలినడకన తిరగొచ్చు. నేచురల్ రిసోర్సెస్ వేల్స్ చూసుకునే ప్రభుత్వ అడవుల్లో చాలా భాగం అలాంటిదే. మిగతాది రైతుల భూమి, అడగకుండా కంచె దాటకండి.

3. కాలం చూసుకుని బయల్దేరండి

వేసవి సెలవుల్లో వెళ్ళాలనిపిస్తుంది. వద్దు. జులై, ఆగస్టుల్లో బ్రాకెన్ అనే ఫెర్న్ మనిషెత్తు పెరుగుతుంది, దానికి ముళ్ళపొదలు తోడవుతాయి. కింద ఉన్న దిబ్బ సంగతి మర్చిపోవచ్చు. నవంబరు నుంచి మార్చి దాకా ఆకులు రాలి, ఫెర్న్ చచ్చి నేలకి అంటుకుపోతుంది. పైగా చలికాలపు ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి అరమీటరు ఎత్తున్న దిబ్బ కూడా నీడతో బయటపడుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. అందుకని నా ఓటు మార్చికి. ఏప్రిల్ చివర, మే నెలల్లో బ్లూబెల్ పూలు, అడవి వెల్లుల్లి నేలంతా పరుచుకుంటాయి. అందం కోసమైతే అప్పుడు వెళ్ళండి, కానీ బాట దిగి పూలు తొక్కకండి.

4. ఒంటి మీద ఏముండాలి

నీళ్ళు చొరబడని బూట్లు, పొడుగు ప్యాంటు, వాన కోటు, కాగితపు మ్యాపు, దిక్సూచి, టార్చి. స్నీకర్లతో వెళితే మొదటి బురదగుంటలోనే తెలిసిపోతుంది. వసంతం నుంచి శరదృతువు దాకా పిడుదుల బెడద ఉంటుంది. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపండి, ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, పిల్లలకైతే తలలో కూడా చూడండి. పిడుదు కుట్టిన తర్వాత వారాల్లో ఎర్రటి మచ్చ పెద్దదవుతూ పోతే అది లైమ్ జబ్బు కావచ్చు. వెంటనే జీపీకి, అంటే అక్కడి మామూలు డాక్టరుకి, చూపించండి. చెట్లు నరికేచోట దారి మూసేసిన బోర్డు కనబడితే, మీ దిబ్బ అవతలే ఉన్నా వెనక్కి తిరగండి.

5. మొదటి నడక: పార్క్ లె బ్రియోస్ కుమ్

స్వాన్సీ నుంచి ఏ4118 రోడ్డు మీద పార్క్‌మిల్‌కి వెళ్ళి, గోవర్ హెరిటేజ్ సెంటర్ పక్క సందులోకి తిరగాలి. అడవి మొదట్లో కొన్ని కార్లు పట్టే చోటుంది. అక్కడి నుంచి లోయ అడుగున చదునైన బాట, పెద్దవాళ్ళు కూడా నడవగలరు. కాసేపటికి రెండు పక్కలా చెట్లున్న పచ్చికలో పొడవాటి రాతి కట్టడం ఎదురవుతుంది. పొడవు సుమారు 22 మీటర్లు.

నేరుగా మధ్యలోకి పోకుండా దక్షిణపు కొసన నిలబడండి. రాతి గోడలు రెండు వైపులా లోపలికి వంగి చిన్న ముంగిలిలా ఉంటాయి. అక్కడి నుంచి ఇరుకు నడవ, దానికి అటు రెండు, ఇటు రెండు గదులు. కప్పురాళ్ళు ఇప్పుడు లేవు కాబట్టి లోపలి అమరికంతా పైనుంచి కనబడుతుంది. ఇక్కడ కనీసం 40 మంది ఎముకలు దొరికాయి, కలగలిసిపోయి. నిలువు బండలు పాతవి. చుట్టూ పేర్చిన గోడ తీరుగా కనబడుతోందంటే దానికి కారణం 1960–61లో పురావస్తు శాస్త్రవేత్త రిచర్డ్ అట్కిన్‌సన్ తవ్వకం తర్వాత జరిగిన మరమ్మతు. ఇది తెలియకపోతే ఆరు వేల ఏళ్ళు గోడ చెక్కుచెదరలేదని అబ్బురపడిపోతాం.

ఈ సమాధి బయటపడిందే 1869లో, రోడ్డుకి రాళ్ళ కోసం కూలీలు కుప్పని తవ్వుతుంటే. ఆ ఏడే తవ్వి చూసినవాళ్ళలో సర్ జాన్ లబక్ ఒకరు. 1871లో బ్యాంక్ హాలిడే చట్టం తెచ్చిందీ, 1882లో బ్రిటన్‌లో పురాతన కట్టడాల రక్షణకి మొదటి చట్టం తెచ్చిందీ ఆయనే. మీరు బ్యాంక్ హాలిడే రోజున ఇక్కడికి వస్తే రెండు విధాలా ఆయన పుణ్యమే.

ఇంకొంచెం ముందుకెళితే కుడివైపు వాలు మీద క్యాథోల్ గుహ ఉంది. మంచుయుగపు వేటగాళ్ళ రాతి పనిముట్లు దొరికిన చోటు. 2010లో దాని గోడ మీద రెయిన్‌డీర్ బొమ్మగా చెబుతున్న గీతలు కనబడ్డాయి. లోపలి భాగానికి ఇనుప చువ్వలు బిగించారు, బయటినుంచే చూడాలి. పొద్దుంటే కారులో కెవ్న్ బ్రిన్ కొండ మీదికి వెళ్ళి ఆర్థర్స్ స్టోన్ అనే రాతి సమాధి కూడా చూసేయండి. అది బయలులో ఉంది, వెతుకులాట అక్కర్లేదు.

6. దిబ్బని గుర్తుపట్టడం

వెంట్‌వుడ్ లాంటి చోట అసలు పరీక్ష ఇదే. అడవి నేల మీద గుండ్రంగా ఉబ్బినవన్నీ సమాధులు కావు. పెద్ద చెట్టు వేళ్ళతో సహా పడిపోతే ఆ మట్టి ఏళ్ళకి దిబ్బలా మారుతుంది, కానీ పక్కనే గుంట ఉంటుంది. అదే గుర్తు. కొండవాలులో గుండ్రంగా, చదునుగా చెక్కిన అరుగు కనబడితే అది బొగ్గు కాల్చినవాళ్ళ పని. బూటు మొనతో కదిపిన ఆకుల కింద నల్లటి మట్టి కనబడొచ్చు, అంతకుమించి గీకకండి. పొడవుగా, దిండులా ఉన్నది పాతరోజుల్లో కుందేళ్ళు పెంచడానికి కట్టిన మట్టి కట్ట కావచ్చు. నిటారుగా, ఎత్తుగా ఉండి పైన చదునుగా, చుట్టూ లోతైన కందకంతో ఉంటే నార్మన్ల కోట దిబ్బ.

మరి సమాధి దిబ్బ? సాధారణంగా పది నుంచి పాతిక మీటర్ల వెడల్పు, ఎత్తు అర నుంచి రెండు మీటర్లు. వాలు అన్ని వైపులా ఒకేలా మెత్తగా దిగుతుంది. కొండ శిఖరాల వెంబడి, చెట్లు లేని రోజుల్లో దూరానికి కనబడే చోట ఉంటుంది. నడినెత్తిన చిన్న గుంట ఉంటే అనుమానం బలపడుతుంది, నిధి కోసమో కుతూహలం కోసమో వెనకటివాళ్ళు పైనుంచి తవ్విన గుర్తు అది. ఆ ఆశ పూర్తిగా వెర్రిదీ కాదు. 1833లో మోల్డ్ పట్టణం దగ్గర రాళ్ళ కోసం ఒక దిబ్బని తవ్వితే కాంస్య యుగపు బంగారు భుజకవచం దొరికింది. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దిబ్బ మాత్రం మిగల్లేదు.

చూడటానికి ఒక పద్ధతి: గ్రిడ్ నంబరు చూపిన చోటికి చేరాక ముప్పై అడుగుల దూరంలో ఆగి, చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. మోకాళ్ళ మీద వంగి నేల మట్టం నుంచి చూడండి. నిలబడి చూస్తే చదునుగా ఉన్నది వంగితే లేస్తుంది.

7. చేయకూడనివి

దిబ్బ ఎక్కకండి, నలుగురు ఎక్కితే కాలిబాట పడుతుంది, ఆ బాటలో వాన నీరు మట్టిని కోసేస్తుంది. రాళ్ళు పేర్చకండి, పగుళ్ళలో నాణేలు దూర్చకండి. సమాధి అనగానే దీపం పెట్టాలనిపించే చెయ్యి మనది. ఇక్కడ మాత్రం ఆపుకోండి. టీ లైట్ల వేడికి రాయి పగులుతుంది, మైనం మరక పోదు. అక్కడివాళ్ళు కూడా ఈ పని చేసి తిట్లు తింటుంటారు. కుక్క ఉంటే తాడు వదలకండి. రక్షిత కట్టడం దగ్గర తవ్వడం, ప్రభుత్వ సంస్థ కాడ్వ్ అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం.

8. ఏదైనా కనబడితే

బ్యాడ్జర్‌లకి మెత్తటి మట్టి దిబ్బలంటే ఇష్టం. వాటి బొరియల ముందు పోసిన మట్టిలో పెంకు ముక్కో ఎముకో తేలొచ్చు. ముట్టుకోకండి. పక్కన ఒక నాణెం పెట్టి కొలత తెలిసేలా ఫొటో తీయండి, అదే చోటు నుంచి చుట్టుపక్కల చెట్లు పడేలా ఇంకొకటి తీసి, నాణెం జేబులో వేసుకోండి. గ్రిడ్ నంబరు రాసుకుని కాడ్వ్‌కి గానీ, వేల్స్ పురావస్తు ట్రస్టులన్నీ 2024లో కలిసి ఏర్పడిన హెనెబ్‌కి గానీ ఈమెయిల్ చేయండి. దిబ్బ మీద చెట్టు కూలినా, ఎవరైనా తవ్విన గుంట కనబడినా ఇదే పద్ధతి. ఆ ఫొటోని చోటు పేరుతో సహా ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టకండి. డిటెక్టర్లతో రాత్రిపూట తిరిగేవాళ్ళు కూడా అవి చూస్తారు.