బరంపురానికి ఎయిర్‌పోర్టు టెర్మినల్ కావాలంటే: ఏ వరసలో అడగాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి

ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో నలుగురు వ్యాపారులు కూర్చున్న చోట ఎయిర్‌పోర్టు మాట రాకుండా ఉండదు. భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, విశాఖ 250 పైనే, ఊరి పక్క రంగైలుండాలో ఎయిర్‌స్ట్రిప్ (చిన్న రన్‌వే) ఉండనే ఉంది కాబట్టి దాని పక్కన అద్దాల టెర్మినల్ ఒకటి కట్టేస్తే పనైపోతుంది అనుకుంటారు. కాదు. టెర్మినల్ చివర్లో వచ్చే పని. దాన్నే ముందు అడిగితే శంకుస్థాపన ఫొటో వస్తుంది గానీ విమానం రాదు. ఛాంబర్ తరఫునో పౌర కమిటీ తరఫునో కలెక్టర్ దగ్గరికీ ఎంపీ దగ్గరికీ వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పర్లాకిమిడి, జయపురం, అటు నాందేడ్, గడ్చిరోలి వైపు ఉన్న మన తెలుగువాళ్లకూ ఇదే వరస పనికొస్తుంది.

మొదట ఏ విమానం కావాలో తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే మారతాయి. జయపురంలో 2022లో మొదలైంది 9 సీట్ల కారవాన్, కలహండిలోని ఉత్కేళ రన్‌వే పొడవు 917 మీటర్లు, అలాంటి చోట చిన్న విమానాలే దిగుతాయి. 70 పైచిలుకు సీట్ల ఏటీఆర్ కావాలంటే సుమారు 1,400 మీటర్లు చూసుకోవాలి, 180 సీట్ల ఎయిర్‌బస్ అయితే 2,000 దాటాలి (పడమటి ఒడిశాలోని ఝార్సుగూడలో 2,391 మీటర్లు వేశారు). ఇంకో సంగతి, లైసెన్సు కంటిచూపు మీద నడిచే విమానాలకేనా, పరికరాల సాయంతో దిగేవాటికి కూడానా అన్నది తప్పకుండా అడగండి. మొదటి రకమైతే జనవరి పొగమంచులో ఫ్లైటు క్యాన్సిల్, ప్రయాణికులకు టెన్షన్, రెండు నెలలు అలా గడిచాక ఎవరూ టికెట్ కొనరు.

రన్‌వే చుట్టూ ఎత్తులు చూడటం చాలామంది మర్చిపోతారు. మన పద్మశాలీలు బోలెడంత మంది ఉన్న సోలాపూర్‌లో ఇదే జరిగింది. పాత విమానాశ్రయం ఊళ్లోనే ఉన్నా చక్కెర మిల్లు చిమ్నీ ఒకటి దారికి అడ్డమై ఏళ్ల తరబడి గొడవ నడిచింది, రైతులు మిల్లు పక్షాన నిలబడ్డారు, చివరికి 2023 జూన్‌లో దాన్ని పేల్చి కూల్చారు, మామూలు ఫ్లైట్లు మొదలయ్యేసరికి 2025 వచ్చింది. అందుకే అపార్ట్‌మెంట్లు, సెల్ టవర్లు ఇంకా లేవకముందే ఎత్తు పరిమితుల రంగుల మ్యాపు తయారు చేయించి మున్సిపాలిటీ చేతిలో పెట్టమని ఒత్తిడి చెయ్యండి. ఇది కాగితం పనే, పెద్ద ఖర్చు ఉండదు.

భూమి దగ్గర మాత్రం తొందరపడకండి. రంగైలుండా, ఛత్రపురం, చికిటి వైపు పొలం గట్ల మీద మొగలి పొదలుంటాయి, గంజాం మొగలికి జీఐ (ఫలానా ప్రాంతం సరుకు అన్న) గుర్తింపు కూడా ఉంది, పూలు కోసి అత్తరు బట్టీలకు అమ్ముకునే ఇళ్లకు అది ఏటేటా వచ్చే చేతి డబ్బు. సర్వే నంబరు, ఎకరాలు చూసి పరిహారం కడితే గట్టు మీది పొద ఎవరి లెక్కలోకీ రాదు. 2013 భూసేకరణ చట్టంలో చెట్లకూ మొక్కలకూ విడిగా విలువ కట్టాలని ఉంది, కాబట్టి అధికారులు వచ్చి భూమి కొలిచే జాయింట్ సర్వే రోజున రైతు పక్కనే నిలబడి పొదలు లెక్కపెట్టించాలి. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి. సరిహద్దు ఊళ్లలో ఒడియా చదవలేని పెద్దవాళ్లు ఎంతోమంది ఉన్నారు, సారాంశాన్ని తెలుగులో కూడా చదివి వినిపించమని ముందే అర్జీ పెట్టండి.

పూర్తిగా కొత్త చోటు చూద్దామా అంటే ఇంకో చిక్కుంది. ఇప్పటికే ఉన్న పౌర విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే 2008 గ్రీన్‌ఫీల్డ్ విధానం ప్రకారం కేంద్రం విడిగా పరిశీలిస్తుంది. భువనేశ్వర్ రోడ్డున 170 అయినా గాలి దూరం దాదాపు 150 దగ్గరే తేలుతుంది. ఇవతల పలాస దగ్గర విమానాశ్రయం కట్టాలని ఆంధ్ర ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది, రైల్లో గంటన్నర దూరం కూడా ఉండదు, విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయం సంగతి సరేసరి. అందుకే ఉన్న స్ట్రిప్‌నే పెంచమని అడగడం మేలని నా అభిప్రాయం. పలాస వాళ్లతో పోటీ పడేకంటే ఇచ్ఛాపురం, సోంపేట ప్రయాణికులు ఎటు వస్తారో ముందే లెక్క తీసుకోవడం ఇంకా మేలు.

ఆ లెక్క ఎలా తియ్యాలి? ఊరి జనాభా చూపించి లాభం లేదు. గంజాం నుంచి సూరత్‌కి లక్షల మంది పోయి వస్తుంటారు నిజమే, కానీ వాళ్లలో ఎక్కువమంది ఎక్కేది రైలు. విమానం ఎక్కేవాళ్లు ఎవరంటే గోపాలపూర్ పోర్టు, సెజ్, ఛత్రపురం ఇసుక ఖనిజాల ఫ్యాక్టరీ, ఐసర్ (కేంద్ర సైన్సు విద్యా సంస్థ), ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ, పట్టు వ్యాపారులు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే పిల్లలు. ప్రతి సంస్థ నుంచీ పోయిన ఏడాది ఎన్ని విమానం టికెట్లు కొన్నారో, ఏ ఊరికో, లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. అలాంటి పది ఉత్తరాలు చూపిస్తే ఎయిర్‌లైన్ వాడు వింటాడు, వెయ్యి సంతకాల వినతిపత్రం వైపు తలెత్తి కూడా చూడడు.

ఇప్పుడు టెర్మినల్ సైజు. ఏడాది ప్రయాణికులను బట్టి కాదు, రద్దీ గంటలో ఎంతమంది ఉంటారన్నదాన్ని బట్టి కడతారు. రెండు ఏటీఆర్‌లు ఒకే గంటలో వచ్చి వెళ్లాయనుకుందాం, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిపి 300 లోపు. మనిషికి 12 నుంచి 20 చదరపు మీటర్లు అన్నది ప్రభుత్వ ప్రమాణం కాబట్టి 4,000 నుంచి 5,000 చదరపు మీటర్లు చాలు. ఝార్సుగూడ టెర్మినల్ 4,000లో 300 మందికే కట్టారు. ఎవరైనా 20,000 అంటే ఏ లెక్కన అని అడగండి. పక్కన ఖాళీ వదిలి, తర్వాత గోడ తీసి పెంచుకునేలా ప్లాను గీయించడం తెలివైన పని.

పైకప్పు గురించి రెండు మాటలు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, మరుసటి ఏడు హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ టెర్మినల్ కప్పు రేకులు లేచిపోయి, అద్దాలు పగిలి, సీలింగ్ అంతా నేల మీద పడి రోజుల తరబడి ఫ్లైట్లు ఆగిపోయాయి. మన తీరంలో పక్షి రెక్కల్లా బయటికి చాచిన కప్పులు వద్దే వద్దు. జనరేటర్, స్విచ్ గదులు నేలమాళిగలో పెట్టొద్దని కూడా డిజైన్ దశలోనే చెప్పాలి.

డబ్బుకి దారులు మూడే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తన సొమ్ముతో కట్టడం, రాష్ట్రం కట్టడం, ప్రైవేటు వాడిని కలుపుకోవడం. ఝార్సుగూడకు సుమారు 210 కోట్లయితే అందులో 75 కోట్లు ఒడిశా ప్రభుత్వం ఇచ్చింది, 2018లో తెరిచారు. మనలాంటి ఊరికి ఈ కలగలుపు పద్ధతే నడుస్తుంది. ప్రైవేటు వాళ్లు భోగాపురం లాంటి పెద్దవాటికి వస్తారు గానీ రోజుకు రెండు ఫ్లైట్ల చోటికి ఎందుకొస్తారు? చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ ఉంది, పాత స్ట్రిప్‌లు బాగుచేసే దాని నిధి నుంచి కూడా అడగొచ్చు.

అసలు బెంగ కట్టిన తర్వాత మొదలవుతుంది. రోజుకు 140 మంది ఎక్కుతారు, ఒక్కొక్కరి దగ్గర 200 రూపాయలు రుసుము అనుకోండి, ఏడాదికి కోటి రూపాయల చిల్లర. సెక్యూరిటీ, ఫైరింజన్ సిబ్బంది, కరెంటు, ఏసీ, రన్‌వే మరమ్మతు అన్నీ అందులోంచి రావు. ఉడాన్ కింద ఎయిర్‌లైన్‌కి నష్టం పూడ్చే సొమ్ములో 80 శాతం కేంద్రం, 20 శాతం రాష్ట్రం ఇస్తాయి, అదీ మూడేళ్లే. తర్వాత ఏమవుతుందో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023 నివేదికలో ఉంది: మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో 403 మొదలే కాలేదు, మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112, ఆ తర్వాత కూడా 2023 మార్చి దాకా నిలిచినవి 54. ఈ అంకెలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి, మీటింగులో ఎవరో ఒకరు అంతర్జాతీయ టెర్మినల్ అంటారు, అప్పుడు పనికొస్తాయి.

కాబట్టి వినతిపత్రంలో కట్టడం ఖర్చు పక్కనే నడిపే ఖర్చు అని ఇంకో పద్దు రాయండి. కనీసం ఐదేళ్లకు రాష్ట్ర బడ్జెట్లో ఆ పద్దు ఉండాలి, విమాన ఇంధనం మీద వ్యాట్ పన్ను 1 శాతం దగ్గరే ఆపాలి, పోలీసు, ఫైర్ సిబ్బంది జీతాలు రాష్ట్రమే భరించాలి. ఇవి ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చాకే టెర్మినల్ డ్రాయింగులు అడగండి. కొత్త బస్టాండు నుంచి రంగైలుండాకి ఫ్లైటు వేళలకు సరిపడా సిటీ బస్సు కూడా ఆ కాగితంలోనే ఒక లైనుగా చేర్చండి, లేకపోతే ఆటో వాళ్లు అడిగినంతే రేటు.