పెద్ద టోర్నీలో ఒక జాతీయ జట్టుపై బెట్టింగ్ అవకాశాలను ఎలా లెక్కగట్టాలి?

ఫుట్‌బాల్ ప్రపంచకప్ దగ్గరపడగానే చాలామంది చేసే పని ఒకటే. జట్టులో ఎవరెవరున్నారో చూస్తారు, ఆడ్స్ (గెలిస్తే పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయలు చేతికొస్తాయో చెప్పే రేటు) చూస్తారు, ఇంత మంచి జట్టుకు ఇంత రేటు వస్తోందా అని డబ్బు పెట్టేస్తారు. తేల్చుకోవాల్సినవి వేరే రెండు విషయాలు: ఆ జట్టు కప్పు గెలిచే అవకాశం ఎంత శాతం? పందేలు తీసుకునే బుక్‌మేకర్ ఇచ్చే రేటు ఆ శాతానికి తగ్గట్టుందా? చట్టం ఒప్పుకోని చోట డబ్బు జోలికి వెళ్లకండి. లెక్క మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు.

కాగితం, కాలిక్యులేటర్, టోర్నీ డ్రా (ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక), ఎలో రేటింగుల (ఫలితాలను బట్టి జట్ల బలాన్ని చూపే అంకెల) పట్టిక ఉంటే చాలు. ఆడ్స్ పేజీ ఇప్పుడే తెరవొద్దు. రేటు ముందే కంటపడితే మీ అంచనా దానివైపు జరిగిపోతుంది.

1. జట్టు బలం

గత రెండేళ్ల పోటీ మ్యాచులే చూడండి. ఫ్రెండ్లీలు వదిలేయండి, వాటిలో కోచ్‌లు ప్రయోగాలు చేస్తారు. పాత కప్పులు అసలే లెక్కలోకి తీసుకోవద్దు. 2006లో గెలిచిన ఇటలీ 2010లో, 2010లో గెలిచిన స్పెయిన్ 2014లో, 2014లో గెలిచిన జర్మనీ 2018లో గ్రూప్ దశ కూడా దాటలేదు.

2. గ్రూప్ దశ

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. 48 జట్లు, 12 గ్రూపులున్న 2026 పద్ధతిలో మూడో స్థానంలో నిలిచిన వాటిలోంచి కూడా ఎనిమిది జట్లు ముందుకెళ్తాయి. బలమైన జట్టుకు 95 శాతం వేసుకోండి. ఏ స్థానంలో ముగిస్తే డ్రాలో ఏ వైపు పడుతుందో మాత్రం రాసిపెట్టుకోండి. 2016 యూరోలో (యూరప్ జాతీయ జట్ల టోర్నీ) పోర్చుగల్ మూడు మ్యాచులూ సమం చేసుకుని గ్రూపులో మూడో స్థానంలో నిలిచింది. జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ, ఇంగ్లండ్ అన్నీ అవతలి సగంలో పడ్డాయి. 90 నిమిషాల్లో ఒక్క వేల్స్‌ మీదే గెలిచినా, చివరికి కప్పు పోర్చుగల్‌దే.

3. నాకౌట్ లెక్క: దాదాపు అందరూ తప్పేది ఇక్కడే

ప్రతి నాకౌట్ మ్యాచ్‌కూ విడివిడిగా శాతం వేసి, అన్నిటినీ గుణించాలి. 2026 పద్ధతిలో కప్పు గెలవాలంటే అలాంటివి ఐదు దాటాలి. ఒక గట్టి జట్టుకు వరుసగా 85, 75, 65, 58, 52 శాతం వేశామనుకోండి. ప్రతి మ్యాచ్‌లోనూ అదే ఫేవరెట్. గ్రూప్ దశ 95 శాతంతో కలిపి గుణిస్తే వచ్చేది సుమారు 12 శాతమే! నమ్మబుద్ధి కాక చాలామంది ఆ అంకెను పైకి జరుపుతారు. దయచేసి ముట్టుకోవద్దు.

ప్రత్యర్థి ఎవరో ఇంకా తెలియని మ్యాచ్‌కు మీకు నచ్చిన జట్టును ఊహించుకోవడం రెండో తప్పు. సెమీస్‌లో బలమైన జట్టు ఎదురయ్యే అవకాశం 60 శాతం, దానిపై మీ జట్టు గెలిచే అవకాశం 50. బలహీనమైనది ఎదురయ్యే అవకాశం 40, దానిపై గెలుపు 70. అంటే 30కి 28 కలిపి 58. పైన 58 వచ్చింది అలాగే.

మూడోది, 90 నిమిషాల గెలుపునే ముందంజగా లెక్కేయడం. స్కోరు సమమయ్యే అవకాశాన్ని విడిగా రాసి, అందులో సగమే మీ జట్టుకు ఇవ్వండి. 2022లో టోర్నీకి ముందు ఫేవరెట్‌గా ఉన్న బ్రెజిల్, క్వార్టర్ ఫైనల్లో ఎక్స్‌ట్రా టైమ్‌లో ఆధిక్యం సాధించి కూడా క్రొయేషియా చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో 4-2తో ఓడింది.

వేల సార్లు కంప్యూటర్‌తో ఆడించి శాతాలు చెప్పే సైట్లున్నాయి కదా అంటారు. అవీ చేసేది ఇంచుమించు ఈ లెక్కే. కానీ చేత్తో వేస్తేనే ఏ మ్యాచ్ దగ్గర ఊహ మీద ఆధారపడ్డారో తెలుస్తుంది. నేను ఎప్పుడూ చేత్తోనే వేస్తాను, మీరూ అలాగే వేయండి.

4. ఇప్పుడు ఆడ్స్ తెరవండి

డెసిమల్ ఆడ్సే చూడండి. 6.00 అంటే 1ని 6తో భాగిస్తే 16.7 శాతం. అన్ని జట్ల శాతాలూ కలిపితే 100 దాటుతుంది, ఆ అదనం బుక్‌మేకర్ మార్జిన్. మొత్తం 115 వస్తే 16.7ను 1.15తో భాగించండి, 14.5 వస్తుంది. మార్కెట్ ఆ జట్టుకు ఇస్తున్న అసలు అవకాశం దాదాపు అంతే. ఎవరూ పట్టించుకోని చిన్న జట్ల రేట్లలో మార్జిన్ ఇంకా ఎక్కువ దాగుంటుంది, వాటి జోలికి పోవద్దు.

డబ్బు పెట్టాలా వద్దా అన్నది మాత్రం మార్జిన్ తీసేసిన అంకెతో తేల్చకూడదు. మీ శాతాన్ని ఇచ్చిన రేటుతోనే గుణించండి. 0.12ను 6తో గుణిస్తే 0.72. ఒకటి కూడా దాటలేదు, వదిలేయండి. 1.2 దాటితేనే ఆలోచించాలి, ఎందుకంటే మీ శాతాల్లోనూ పొరపాటుకు చోటుంటుంది.

గ్రూప్ దశ ముగిసి జతలు ఖాయమయ్యాక, ఊహించిన ప్రత్యర్థులను కొట్టేసి అసలు పేర్లతో మూడో మెట్టు మళ్లీ వేయండి. ఒక్క మ్యాచ్ ఫలితం చూసి జట్టు బలం అంకెను మాత్రం పెద్దగా మార్చకండి. 2022లో అర్జెంటీనా మొదటి మ్యాచ్‌లోనే సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడి, ఆ తర్వాత కప్పు గెలిచింది.