తిరిగే పళ్లెం మీద గాలి ఎక్కడ చెదురుతుందో కొలిచే పద్ధతి

ఉపరితలాన్ని అంటుకొని సాగే పలుచని గాలిపొరను సరిహద్దు పొర అంటారు. అది మూడు దిశల్లో కదులుతూ క్రమ ప్రవాహం (సాఫీగా సాగేది) నుంచి సంక్షుబ్ధ ప్రవాహంగా (చెదిరి సుడులు తిరిగేది) ఎలా మారుతుందో చూడటానికి గాలి సొరంగం అక్కర్లేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరేటర్లను తిప్పే మోటారు వంటిది, గేర్‌బాక్సు లేకుండా నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరిగేది ఒకటి, 40 సెం.మీ. వ్యాసం గల చదునైన అల్యూమినియం పళ్లెం ఒకటి ఉంటే చాలు.

తిరిగే పళ్లెం గాలిని తనతో తిప్పుకుంటూనే అంచు వైపు విసురుతుంది. ఈ అంచు వైపు వేగం ఉపరితలం వద్ద సున్నాగా ఉండి, కొంచెం పైన గరిష్ఠమై, ఇంకా పైన మళ్లీ సున్నా అవుతుంది కనుక, ఆ వేగరేఖ ఒకచోట వంపు మార్చుకుంటుంది. అస్థిరతకు మూలం అదే. వెనక్కి వాలిన విమానపు రెక్కపై అడ్డప్రవాహం వల్ల పుట్టే సుడులూ ఈ జాతివే. 1955లో గ్రెగరీ, స్టూవర్ట్, వాకర్ అనే పరిశోధకులు తిరిగే పళ్లెంపై చైనా క్లే (మెత్తని తెల్లమట్టి) పూతతో సుమారు 30 సర్పిలాలను, అంటే మెలిక తిరిగిన సుడుల చారలను, చూపించారు.

ముందు లెక్క వేసుకోవాలి. గాలి శుద్ధగతిక స్నిగ్ధతను, అంటే జిగటను సాంద్రతతో భాగించిన విలువను (30 డిగ్రీల వద్ద సెకనుకు 0.000016 చదరపు మీటర్లు), పళ్లెం కోణీయ వేగంతో (సెకనుకు 151 రేడియన్లు) భాగించి వర్గమూలం తీస్తే 0.326 మి.మీ. వస్తుంది. పొర మందం దీనికి సుమారు ఐదున్నర రెట్లు, అంటే 1.8 మి.మీ.; విచిత్రమేమిటంటే, నడిమి నుంచి అంచు దాకా అది మారదు. నడిమి నుంచి దూరాన్ని ఆ 0.326 మి.మీ.తో భాగిస్తే రేనాల్డ్స్ సంఖ్య, అంటే ప్రవాహం చెదరడానికి ఎంత చేరువైందో చెప్పే కొలత, వస్తుంది. అది 286 దాటాక, అంటే 9.3 సెం.మీ. నుంచి, గాలిపొరలోని చిన్న చిన్న అలజడులు పెరగడం మొదలవుతుంది. 430 దగ్గర, 14 సెం.మీ. వద్ద, సర్పిలాలు కంటికి ఆనుతాయి. 510 దగ్గర, 16.6 సెం.మీ. వద్ద, ప్రవాహం చెదురుతుంది. సంక్రాంతి ఉదయపు 20 డిగ్రీల చలిలో ఈ హద్దు 16.1 సెం.మీ. వద్ద ఉంటే, రోహిణి కార్తె మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 17.1 సెం.మీ.కి జరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రత రాసుకోకుండా కొలత తీయడం వృథా. మా పల్లె ఫీడర్లలో వోల్టేజి పడిపోతే మోటారు వేగమూ తగ్గుతుంది. పేరుపలకను నమ్మకుండా, చుట్లు లెక్కించే టాకోమీటరుతో చూసుకోవాలి.

పళ్లేనికి నల్లరంగు వేసి, పైన చైనా క్లే పూత పలుచగా పూసి, ఆరాక సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేయాలి. వింటర్‌గ్రీన్ అనే మొక్క నూనె చల్లితే ఆ తెలుపు మాయమవుతుంది. తిప్పినప్పుడు, సంక్షుబ్ధ ప్రవాహం ఉన్నచోట నూనె త్వరగా ఆవిరై తెలుపు తిరిగి తేలుతుంది. అంచు వేగం సెకనుకు 30 మీటర్లు కనుక ఇనుప కంచె లేకుండా మోటారు వేయరాదు.

నా మొదటి పళ్లెంపై 12 సెం.మీ. వద్దే ఒక తెల్లని చార మొనలా మొదలై అంచు దాకా వెడల్పయింది. దాని కొసన భూతద్దంతో చూస్తే, పూతలో చిక్కుకున్న ఇసుక రేణువు ఒకటి కనిపించింది; గాలిని ముందే చెదరగొట్టింది అదే.