శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఎల్ఏ దాకా హైవే 1 మీద ఇద్దరే: సిటీలు, సముద్రం, టెంట్ అన్నీ కలిపి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

బే ఏరియాలో ఉండే మనవాళ్లు ఎల్ఏ వెళ్లాలంటే లోపలి హైవే ఐ-5 ఎక్కేసి ఆరు గంటల్లో దిగిపోతారు, మధ్యలో ఆవుల వాసన తప్ప చూసేదేం ఉండదు. అదే సముద్రం పక్కన హైవే 1 మీద వెళ్తే నాలుగైదు రోజులు పెట్టాలి, కానీ ఆ డ్రైవే అసలు ట్రిప్. సిటీల్లో ఎక్కువ రోజులు పెట్టి మధ్యలో కొండలు సముద్రంలోకి దిగే బిగ్ సర్ తీరాన్ని ఒక్క మధ్యాహ్నంలో దాటించేసే ప్లాన్లు చాలా చూశాను, దయచేసి అలా చేయొద్దు. రెండు రాత్రులు టెంట్ మధ్యలో పెట్టి, సిటీలని అటూ ఇటూ సర్దుకోండి.

స్టెప్ 1: ముందు క్యాంప్ సైట్, తర్వాతే లీవ్

అందరూ ముందు లీవ్ పెట్టి, హోటల్ బుక్ చేసి, చివర్లో క్యాంపింగ్ వెతుకుతారు, అప్పటికి ఏమీ మిగలదు. బిగ్ సర్ లో నేను చెప్పేవి రెండే. ఒకటి ఫైఫర్ బిగ్ సర్ స్టేట్ పార్క్, ఇది రెడ్‌వుడ్ చెట్ల కింద ఏటి పక్కన ఉంటుంది, సముద్రం కనపడదు కానీ వేడినీళ్ల షవర్లు ఉంటాయి, మొదటిసారి టెంట్ లో పడుకునేవాళ్లకి ఇదే నయం. రెండోది కర్క్ క్రీక్, కొండ అంచున నేరుగా సముద్రం మీదకి చూస్తూ ఉంటుంది, వ్యూ మామూలుగా ఉండదు, కాకపోతే అక్కడ తాగే నీళ్లు ఉండవు, క్యాన్లతో మనమే మోసుకెళ్లాలి.

మొదటిది రిజర్వ్ కాలిఫోర్నియా సైట్ లో, రెండోది రిక్రియేషన్ డాట్ గవ్ లో, రెండూ ఆరు నెలల ముందే ఓపెన్ అవుతాయి. రిజర్వ్ కాలిఫోర్నియా పొద్దున ఎనిమిదికి తెరుచుకుంటుంది, సమ్మర్ వీకెండ్లు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ఇద్దరూ రెండు ల్యాప్‌టాపులు పట్టుకుని తత్కాల్ టికెట్ కొట్టినట్టు కూర్చోవాల్సిందే. దొరక్కపోతే వదిలేయకండి, క్యాన్సిలేషన్లు వస్తూనే ఉంటాయి, మంగళ బుధవారాలు అయితే ఇంకా ఛాన్స్ ఎక్కువ. అంతే గానీ రోడ్డు పక్కన కార్లో పడుకుందాంలే అనుకోవద్దు, బిగ్ సర్ లో హైవే పక్కన రాత్రి ఆగడం నిషేధం, ఫైన్ రాసేస్తారు.

స్టెప్ 2: రోడ్డు ఉందో లేదో చూసుకోండి

నవ్వకండి, నిజంగానే. బిగ్ సర్ లో చాలా చోట్ల కొండ వదులుగా ఉంటుంది, వానాకాలంలో జారి రోడ్డు మీద పడుతుంది. 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండచరియ రోడ్డుని పూడ్చేసి సముద్రంలోకి జారింది, అదే ఏడాది ఫైఫర్ క్యానియన్ బ్రిడ్జి దెబ్బతిని కూల్చేసి కొత్తది కట్టాల్సి వచ్చింది, 2021లో ర్యాట్ క్రీక్ దగ్గర రోడ్డు ముక్క కొట్టుకుపోయింది. మూసిన చోటు మధ్యలో ఉంటే అటు నుంచి ఇటు దాటడానికి లేదు, వెనక్కి వచ్చి లోపల ఉండే హైవే 101 మీదుగా చుట్టూ తిరగాల్సిందే. గూగుల్ మ్యాప్స్ ఒక్కదాన్నే నమ్మకుండా రాష్ట్ర రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ వాళ్ల క్విక్‌మ్యాప్ సైట్ ని బుకింగ్ అప్పుడు ఒకసారి, బయల్దేరే రోజు పొద్దున ఇంకోసారి చూడండి.

నెల విషయానికొస్తే సెప్టెంబరు, అక్టోబరు బెస్ట్. జూన్, జులైలో సమ్మర్ కదా అని షార్ట్స్ వేసుకుని వస్తారు, ఇక్కడ చాలా రోజులు పొగమంచు కప్పేసి ఉంటుంది, శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు ఆ మంచుకి కార్ల్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

స్టెప్ 3: కారు, సామాను

ఉత్తరం నుంచి దక్షిణానికే నడపండి. అలా వెళ్తే మన లేన్ సముద్రం వైపు ఉంటుంది, వ్యూ పాయింట్ల దగ్గర ఎదురు ట్రాఫిక్ దాటకుండా కుడికి తిప్పి ఆగిపోవచ్చు. కాకపోతే పక్క సీట్లో ఉన్నవాళ్లే సినిమా అంతా చూస్తారు, డ్రైవ్ చేసేవాళ్లకి మలుపులు తప్ప ఏమీ మిగలవు, కాబట్టి ఇద్దరికీ లైసెన్స్ ఉంటే రెంటల్ లో రెండో డ్రైవర్ పేరు కూడా రాయించి సగంలో మారండి. పక్కన కూర్చుని బ్రేక్ బ్రేక్ అని అరిచే అలవాటు ఉన్న మొగుడైనా పెళ్లామైనా బిగ్ సర్ మలుపుల్లో ఆ తొంభై మైళ్లు నోరు కట్టుకోవాలి. ఎల్ఏలో కారు వదిలేసి ఫ్లైట్ లో వెనక్కి వచ్చే ప్లాన్ అయితే వన్ వే డ్రాప్ ఛార్జీ ముందే అడగండి.

టెంట్ ని బయల్దేరే ముందు ఇంటి వెనకాల ఒకసారి వేసి చూడండి, చీకట్లో మొదటిసారి వేయబోతే కాపురంలో చిచ్చే. ఎండాకాలం రాత్రి కూడా పది డిగ్రీల సెల్సియస్ కి పడిపోతుంది కాబట్టి మంచి స్లీపింగ్ బ్యాగులు, కింద ప్యాడ్ తప్పనిసరి, ఒకదానికొకటి జిప్ కలిసేవి కొంటే ఇద్దరికీ వెచ్చగా ఉంటుంది. టెంట్ మీద కప్పే రెయిన్ ఫ్లై వాన లేకపోయినా వేయండి, మంచుకి తెల్లారేసరికి అంతా తడిసిపోతుంది. హెడ్‌ల్యాంపులు ఇద్దరికీ చెరొకటి. ప్రొపేన్ స్టవ్ ఒకటి చాలు.

స్టెప్ 4: శాన్ ఫ్రాన్సిస్కో, ఒకటిన్నర రోజు

గోల్డెన్ గేట్ బ్రిడ్జి 1937లో తెరిచారు, బంగారం రంగు అనుకుని వచ్చేవాళ్లకి ఎర్రటి నారింజ రంగు కనపడుతుంది. దీన్ని అవతలి గట్టు కొండ మీదున్న బ్యాటరీ స్పెన్సర్ నుంచి చూడండి, పైనుంచి సిటీ మొత్తం బ్రిడ్జి వెనకాల వస్తుంది. టోల్ సిటీ వైపు తిరిగొచ్చేటప్పుడే పడుతుంది, క్యాష్ తీసుకోరు, రెంటల్ కారు అయితే కంపెనీవాళ్లు టోల్ కి తోడు వాళ్ల ఫీజు కూడా కలుపుతారు, ఫాస్ట్రాక్ అనే టోల్ సైట్ లో ప్లేట్ నంబర్ కొట్టి మీరే కట్టేసుకోవచ్చు. పాత జైలు దీవి అల్కాట్రాజ్ కి టికెట్లు ముందే కొనాలి, పడవ పియర్ 33 నుంచి. మెలికల లాంబార్డ్ స్ట్రీట్ ఒక ఫొటో, అంతకంటే టైమ్ వేస్ట్. దాని బదులు సముద్రం పక్కన ఉండే ల్యాండ్స్ ఎండ్ లో సాయంత్రం నడవండి.

ఇక్కడ ఒక్కటే గట్టిగా చెప్తున్నా, కారులో సీటు మీద ఏమీ కనపడకూడదు, ఖాళీ బ్యాగ్ కూడా, అద్దాలు పగలగొట్టి తీసుకెళ్లడం ఈ సిటీలో చాలా మామూలు. క్యాంపింగ్ సామానంతా ఉన్న కారుని వీధిలో పెట్టకుండా హోటల్ గ్యారేజీలో పెట్టండి, డబ్బులు ఎక్కువైనా సరే.

స్టెప్ 5: అసలు డ్రైవ్

పొద్దున ఏడింటికల్లా బయల్దేరితే పిజియన్ పాయింట్ లైట్‌హౌస్, శాంటా క్రూజ్ చూసుకుంటూ మధ్యాహ్నానికి మాంటరే చేరొచ్చు. మాంటరే అక్వేరియం బాగుంటుంది కానీ అందులోకి వెళ్తే సగం రోజు పోయినట్టే. 17 మైల్ డ్రైవ్ కి డబ్బులు కట్టి గోల్ఫ్ కోర్సులు చూసే బదులు కాస్త కిందకి పాయింట్ లోబోస్ లో రెండు గంటలు నడవండి అని నా సలహా, ఎవరైనా తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

కార్మెల్ లో మూడు పనులు చేయాలి. పెట్రోల్ ఫుల్ ట్యాంక్, ఎందుకంటే బిగ్ సర్ లో దొరికినా రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్, ఎందుకంటే ఆ తర్వాత చాలా దూరం సిగ్నల్ ఉండదు. ఇంటికి ఫోన్ చేసి రెండ్రోజులు ఫోన్ కలవదని అమ్మకి చెప్పడం, ఇది మర్చిపోతే ఇండియాలో పెద్ద గొడవ.

కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా తొంభై మైళ్లు, ఆగకుండా వెళ్లినా రెండున్నర గంటలు పైనే. 1932లో కట్టిన బిక్స్‌బీ బ్రిడ్జి దగ్గర పార్కింగ్ చోటు చిన్నది, నిండితే ముందుకు వెళ్లిపోండి, రోడ్డు మీద కారు ఆపి రీల్స్ తీయడం వల్లే అక్కడ జామ్ అయ్యేది. వెనకాల ఐదు బండ్లు చేరితే రోడ్డు పక్కన వదిలిన టర్న్ అవుట్ లో ఆగి దారివ్వాలి, ఇది మర్యాద కాదు, కాలిఫోర్నియా రూల్. ఫైఫర్ బీచ్ లో ఇసుక అక్కడక్కడ ఊదా రంగులో ఉంటుంది, కొండల్లోంచి కొట్టుకొచ్చే గార్నెట్ రాయి వల్ల, దారి సన్నగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. మెక్‌వే ఫాల్స్ నేరుగా బీచ్ మీద పడుతుంది, కిందకి దిగనివ్వరు, పైనుంచే చూడాలి. ఎక్కడైనా నీళ్ల దగ్గరికి వెళ్తే సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకండి, ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి లాగేస్తుంది, ఏటా మనుషులు పోతుంటారు.

స్టెప్ 6: క్యాంప్ లో రాత్రి

చీకటి పడకముందే చేరి ముందు టెంట్, తర్వాత టీ. మొదటి రాత్రికి ఇంట్లో చేసిన పులిహోర ఉంటే వంట పనే లేదు, రెండో పూటకి ఉప్మా రవ్వ, పోపు డబ్బా, ఆవకాయ, కందిపొడి, నెయ్యి చాలు. నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి ఉప్పు నిమ్మకాయ రాసుకుంటే రెస్టారెంట్లు ఏం పనికొస్తాయి! కట్టెలు ఇంటి నుంచి తేవొద్దు, చెట్ల పురుగులు పాకుతాయని అక్కడే కొనమంటారు, ఎండలు మండే రోజుల్లో మంట మొత్తం బ్యాన్ చేస్తారు, గేటు దగ్గర బోర్డు చదవండి. తినగానే తిండి మొత్తం, టూత్‌పేస్ట్ తో సహా, సైట్ లో ఉండే ఇనప డబ్బాలో గానీ కారులో గానీ పెట్టి మూసేయాలి, లేకపోతే రకూన్లు వచ్చి అర్ధరాత్రి సంత పెడతాయి. రాత్రి పదికి క్వయట్ అవర్స్ మొదలు, బ్లూటూత్ స్పీకర్ అక్కడితో ఆపేయండి. చెట్ల మధ్య నడిచేటప్పుడు మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్ ముట్టుకుంటే వారాల తరబడి దురద.

స్టెప్ 7: కిందకి, ఎల్ఏ దాకా

శాన్ సిమియన్ దగ్గరి పీడ్రాస్ బ్లాంకాస్ లో ఎలిఫెంట్ సీల్స్ ఫ్రీగా చూడొచ్చు, మగవి రెండు టన్నులు దాటతాయి, సీల్ పిల్లల్ని చూడాలంటే జనవరి, ఫిబ్రవరిలో రావాలి. హర్స్ట్ కాజిల్ కి టూర్ టికెట్ తీసుకోవాలి, పాత ప్యాలెస్‌ల పిచ్చి ఉంటే వెళ్లండి. ఆ రాత్రికి శాన్ లూయిస్ ఒబిస్పో లో మామూలు మోటల్, తలస్నానం. మర్నాడు శాంటా బార్బరా లో కోర్ట్‌హౌస్ టవర్ ఎక్కితే ఊరంతా ఎర్ర పెంకుల కప్పులతో కనపడుతుంది, టికెట్ లేదు.

ఎల్ఏ లోకి వెళ్లేటప్పుడు 101 మీదే వచ్చి లాస్ వర్జెనెస్ రోడ్ దగ్గర దిగండి, మనవాళ్లంతా మాలిబు టెంపుల్ అనే వెంకటేశ్వరస్వామి గుడి ఆ రోడ్డు మీదే ఉంది, పేరు మాలిబు అయినా ఉన్నది కాలబాసస్ లో. దర్శనం చేసుకుని అదే రోడ్డు మీద కొండ దిగితే మాలిబు బీచ్ కే వస్తుంది, అక్కడి నుంచి శాంటా మోనికా పియర్. 2025 జనవరి మంటల్లో ఆ దారిలో చాలా ఇళ్లు కాలిపోయాయి, పనులు జరుగుతూ లేన్లు తగ్గించి ఉండొచ్చు, టైమ్ ఎక్కువ పెట్టుకోండి. సాయంత్రానికి గ్రిఫిత్ అబ్జర్వేటరీ, ప్రవేశం ఉచితం, సోమవారం మూసి ఉంటుంది.

ఇంటికి రాగానే టెంట్ ని విప్పి బాల్కనీలో ఒక రోజు ఆరబెట్టండి, తడిగా మడిచి క్లోజెట్ లో పెడితే మళ్లీ తీసేసరికి బూజు పట్టి కొత్తది కొనాల్సి వస్తుంది.