స్టార్టప్‌లో కొత్త ఉద్యోగిని చేర్చుకోవడం ఎలా?

పదిహేను, ఇరవై మంది పనిచేసే హైదరాబాద్ స్టార్టప్‌లో ప్రత్యేకంగా హెచ్ఆర్ విభాగం ఉండటం అరుదు కాబట్టి, కొత్తవారిని చేర్చుకునే బాధ్యత సాధారణంగా వ్యవస్థాపకుల్లో ఒకరి మీద పడుతుంది. ఆ పనిలో ఎక్కువ భాగం, ఉద్యోగి గడప తొక్కకముందే పూర్తి కావలసినది.

1. ఆఫర్ ఒప్పుకున్న రోజే మొదలుపెట్టండి. చాలా ఐటీ సంస్థల్లో నోటీసు గడువు 90 రోజులు ఉంటుంది. ఈ లోగా అభ్యర్థికి మరో ఆఫర్ రావడం మామూలే. పదిహేను రోజులకోసారి, హెచ్ఆర్ బాధ్యత చూసేవారు కాకుండా, రేపు కలిసి పనిచేయబోయే టీమ్ లీడే ఫోన్ చేసి మాట్లాడటం మంచిది.

2. కాగితాలను వారం ముందే తెప్పించుకోండి. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు, రిలీవింగ్ లెటర్ ఎలాగూ అడుగుతారు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి. సిబ్బంది 20 మందికి చేరితే పీఎఫ్ తప్పనిసరి అవుతుంది. 10 మంది ఉంటే, నెలకు రూ.21,000 వరకు వేతనం పొందేవారికి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది. ఇదివరకే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉన్నవారికి మరొకటి తీయకండి, రెండు నంబర్లుంటే పీఎఫ్ సొమ్ము తీసుకునేటప్పుడు ఇబ్బంది తప్పదు. ఆర్థిక సంవత్సరం మధ్యలో చేరేవారి నుంచి పాత సంస్థ ఇచ్చిన జీతం, మినహాయించిన పన్ను వివరాలు తీసుకోకపోతే, రిటర్ను దాఖలు చేసేటప్పుడు వారి నెత్తిన పన్ను బకాయి ఒక్కసారిగా పడుతుంది.

3. ల్యాప్‌టాప్, మెయిల్, అవసరమైన అనుమతులు ముందురోజే సిద్ధం చేయండి.

4. మొదటి వారం ఒకరిని తోడుగా కేటాయించండి. చిన్న సంస్థల్లో పని వివరాలు కాగితం మీద కన్నా మనుషుల బుర్రల్లోనే ఎక్కువగా ఉంటాయి కనుక, ఎవరిని అడగాలో తెలియకపోవడమే కొత్తవారికి అసలు ఇబ్బంది. మూడు నాలుగు రోజుల్లో ముగిసే, నిజంగా ఉపయోగపడే చిన్న పని ఒకటి అప్పగించండి. ఆ క్రమంలో, కొత్తవారికి మీరిచ్చే సూచనల పత్రంలో కనిపించిన తప్పులను వారినే దిద్దమనండి. పాతవారి కళ్లకు ఆ తప్పులు ఆనవు. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్న సంస్థ అయితే, 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు కూడా ఈ వారమే చెప్పాలి.

5. 30, 60, 90 రోజులకు కూర్చుని మాట్లాడండి. పనితీరులో లోపం ఉంటే 30వ రోజునే చెప్పాలి తప్ప, ప్రొబేషన్ ముగిసే రోజున మొదటిసారి బయటపెట్టడం న్యాయం కాదు. అదే సమావేశంలో, చేరేముందు మీరు చెప్పిన పనికీ ఇప్పుడు చేస్తున్న పనికీ తేడా ఉందా అని అడిగి, చెప్పినది రాసుకోండి.